కనుమ నాడు కాకి కూడా కదలదు: పండగ సెలవుల టెన్షన్ తగ్గించుకోవడం ఎలా?

మూడేళ్ళ క్రితం, భోగికి ముందు రోజు రాత్రి పదిన్నరకి నేను పొయ్యి దగ్గర నిలబడి అరిసెల పాకం చూస్తున్నాను. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, అందులో పాకం చుక్క వేసి, వేళ్ళ మధ్య ఉండ కడుతోందా లేదా అని చూసే సమయం. అరిసెలు చేసేవాళ్ళకి తెలుసు, అక్కడ అర నిమిషం తేడా వస్తే అంతే సంగతులు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మా ఆడపడుచు.

"వదినా, మేం ఆరుగురం కాదు, తొమ్మిదిమందిమి వస్తున్నాం. పిల్లలు సబ్‌మెరైన్ చూడాలంటున్నారు. అరకు కూడా పెట్టుకుందాం, ఏమంటావ్?"

"దానికేముంది, రండి రండి" అన్నాను. ఫోన్ పెట్టేసరికి పాకం ముదిరిపోయింది. పిండి కలిపి ఎంత అవస్థ పడ్డా లాభం లేకపోయింది. మర్నాడు మా మావయ్యగారు ఒక అరిసె చేతిలోకి తీసుకుని, "ఇది నోటితో కాదమ్మా, రోకలితో తినాలి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఏడుపు అరిసెల గురించి కాదు. పది రోజులుగా రాత్రి ఐదు గంటల నిద్ర, బ్యాంకులో ఏడాది మొదటి నెల పని, ఇంటికి సున్నాలు, షాపింగు, చుట్టాల లెక్కలు, అన్నీ కలిసి ఆ మాట దగ్గర బయటపడ్డాయి. సెలవులు వచ్చేది విశ్రాంతి కోసం అంటారు. మా ఇంట్లో మాత్రం సెలవులు అయ్యాక విశ్రాంతికి సెలవు పెట్టాల్సి వచ్చేది.

అప్పటినుంచి పండగని వేరేగా చేసుకుంటున్నాం. ఇక్కడ రాస్తున్నది సంక్రాంతి గురించే అయినా, దసరా సెలవులకీ వేసవిలో చుట్టాలు వచ్చే నెలకీ ఇదే పద్ధతి సరిపోతుంది.

మొదటి మెట్టు: క్యాలెండర్‌లో ముందు కనుమ కొట్టేయండి

కనుమ నాడు కాకి కూడా కదలదని మన పెద్దవాళ్ళు అనేవారు. ఆ రోజు ప్రయాణం పెట్టుకోకూడదు, ఇంట్లో ఉండాలి, మినుము తినాలి. నాకు తెలిసి ఇంత మంచి రూలు ఏ ఆఫీసులోనూ లేదు. భోగి, సంక్రాంతి రెండు రోజులూ పని ఉంటుంది కాబట్టి మూడో రోజు ఆగమన్నారు. మనం ఏం చేశాం? ఆ రోజే చుట్టాలని అరకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాం.

అందుకని ప్లాను వేసేటప్పుడు చేయాల్సిన పనులతో మొదలుపెట్టకండి. పండక్కి పది పన్నెండు రోజుల ముందు క్యాలెండర్ తీసి ముందుగా కనుమ మీద గీత కొట్టండి. ఆ రోజు బయటికి వెళ్ళేది లేదు, కొత్త వంట లేదు, ఎవరింటికీ పిలుపులు లేవు. తర్వాత ఆఫీసుకి వెళ్ళే ముందు రోజు మీద ఇంకో గీత. ఊరెళ్ళినవాళ్ళయితే ఆ రోజుకి ఇంటికి చేరిపోయి ఉండాలి. ఈ రెండు గీతలూ పోగా మిగిలిన రోజుల్లో పట్టేదే పండగ.

రెండో మెట్టు: ఇంట్లో అందరినీ ఒకే ప్రశ్న అడగండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఒక రాత్రి భోజనాల దగ్గర, టీవీ కట్టేసి, "ఏది లేకపోతే నీకు పండగ అనిపించదు? ఒక్కటే చెప్పు" అని ఒక్కొక్కరినీ అడిగాను. మా చిన్నాడు భోగి మంట అన్నాడు. పెద్దది కొత్త డ్రెస్ అంది. ఈయన గారెలన్నారు, అదీ వేడిగా. అత్తయ్యగారు మాత్రం కొంచెంసేపు ఊరుకుని, "పెద్దలకి బట్టలు పెట్టుకోవాలి, అంతేనమ్మా" అన్నారు. మన ఉత్తరాంధ్రలో సంక్రాంతి అంటే పెద్దల పండగ. పోయినవాళ్ళ పేరు మీద కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకోవడమే ఆవిడకి ముఖ్యం.

ఐదు రకాల పిండివంటలు కావాలని ఒక్కరు కూడా అనలేదు. కర్టెన్లు ఉతికారా అని ఎవరూ అడగలేదు. అన్నేళ్ళూ నేను ఎవరి కోసం చేశానో నాకే అర్థం కాలేదు.

మీరూ అడిగి, జవాబులు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం వెనకవైపు మీ బుర్రలో తిరుగుతున్న పనులన్నీ రాయండి, చిన్నవి కూడా. గ్యాస్ బండ బుక్ చేయడం దగ్గర్నుంచి. బుర్రలో ఉన్నంతసేపు ప్రతి పనీ కొండంత కనిపిస్తుంది. కాగితం మీద పెట్టాక సగం పనులు పావుగంటవే అని తెలుస్తుంది. ఇప్పుడు ఒక్కో పని పక్కన మూడిట్లో ఒక అక్షరం వేయండి: నేను చేసేది "నే", వేరేవాళ్ళు చేసేది "వే", ఈసారి మానేసేది "మా". "మా"లు కనీసం నాలుగు రాకపోతే మళ్ళీ మొదటినుంచి చూడండి.

"వే" వేసిన ప్రతిదాని పక్కనా మనిషి పేరు, తారీఖు ఉండాలి. "ఎవరైనా కాస్త చూడండి" అంటే ఆ ఎవరైనా చివరికి మీరే అవుతారు. పేరు వేశాక వాళ్ళు చేసిన తీరుని సరిదిద్దకండి. మా ఆయన ముగ్గుకి పేడనీళ్ళు చల్లిన విధానం చూస్తే మా అమ్మ కళ్ళు తిరిగి పడిపోయేది. అయినా ముగ్గు పడింది.

అరిసెలు మాకు తెలిసినావిడ దగ్గర కిలో లెక్కన తెప్పించుకుంటున్నాం. జంతికలు ఒక్కటే ఇంట్లో, పిల్లలతో కలిసి.

డబ్బు, షాపింగు

ఇది త్వరగా చెప్పేస్తాను. పండగ బడ్జెట్ ఎంతో ముందే అనుకుని, బట్టలు, సరుకులు, ప్రయాణం, చేతి ఖర్చు అని నాలుగు కవర్లలో పెట్టండి, లేదా ఒక అకౌంట్‌లోకి విడిగా మార్చండి. ఒక కవరు ఖాళీ అయితే ఇంకో దాంట్లోంచి తీయాలి తప్ప క్రెడిట్ కార్డు తీయకూడదు. ఫిబ్రవరిలో వచ్చే బిల్లు గురించిన బెంగ జనవరిలోనే నిద్ర చెడగొడుతుంది.

వైజాగ్‌లో జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు బట్టల షాపింగు పండక్కి ముందు ఆదివారం సాయంత్రం పెట్టుకోవద్దు. మామూలు రోజు షాపులు తెరిచే వేళకి వెళ్తే గంటలో అయిపోతుంది. పూర్ణా మార్కెట్‌లో సరుకులు, రైతు బజారులో కూరలు కూడా అంతే, పొద్దున్నే.

ప్రయాణం ఉన్నవాళ్ళకి

హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలకైనా, ఇక్కడినుంచి శ్రీకాకుళం, పలాస, రాజమండ్రి వైపు వెళ్ళేవాళ్ళకైనా టికెట్ల టెన్షనే సగం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 అక్టోబరు దాకా అది 120 రోజులు ఉండేది. కాబట్టి నవంబరు మధ్యలో ఫోన్‌లో అలారం పెట్టుకోండి. వెళ్ళే టికెట్ కంటే తిరుగు టికెట్ ముందు చూడండి. దొరక్కపోతే పండగ స్పెషల్ బస్సులు ఎలాగూ ఉంటాయి. భోగి ముందు రోజు సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో పిల్లాడినీ మూడు సంచుల్నీ పట్టుకుని సీటు కోసం పరిగెత్తడం మాత్రం వద్దు. ఒక రోజు ముందు తెల్లవారుజామున బయల్దేరినా నయమే.

ఎప్పుడు వెనక్కి వస్తున్నారో వెళ్ళకముందే ఫోన్‌లో చెప్పేయండి. "అత్తయ్యా, మేం ముక్కనుమ రోజు పొద్దున్న బయల్దేరతాం" అని పది రోజుల ముందు చెబితే అది కబురు. అదే మాట అక్కడ భోజనాల దగ్గర చెబితే గొడవ.

చుట్టాలకి వైజాగ్ చూపించడం

వైజాగ్‌లో ఇల్లున్న వాళ్ళకి మాత్రమే అర్థమయ్యే కష్టం ఇది. వచ్చినవాళ్ళకి సముద్రం కావాలి, కైలాసగిరి కావాలి, సింహాచలం దర్శనం కావాలి, అరకు కావాలి, బొర్రా గుహలు కావాలి. ఉన్నది రెండు రోజులు.

మా ఇంటి రూలు ఇది: పొద్దున ఒక చోటు, సాయంత్రం ఒక చోటు, మధ్యాహ్నం ఇల్లు. మూడో చోటు అడిగినవాళ్ళకి ఆటో మాట్లాడి పెడతాం, మేం రాము. ముందే నవ్వుతూ చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

దగ్గరదగ్గరగా ఉన్నవి ఒక పూటకి కలపండి. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, రోడ్డు అవతల టీయూ 142 విమానం ఒక పూటకి సరిగ్గా సరిపోతాయి. 1969లో నేవీలో చేరి 2001 దాకా నీళ్ళలో పనిచేసిన సబ్‌మెరైన్ అది. లోపల దారి ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని బలవంతంగా ఎక్కించకండి. వాళ్ళని బీచ్ రోడ్డు గట్టు మీద ముంత మసాలాతో కూర్చోబెడితే వాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉంటారు. పండగ రోజుల్లో క్యూ పెద్దది, తలుపులు తెరిచే వేళకే వెళ్ళండి.

అరకు 110 కిలోమీటర్లకి పైనే, అందులో చివరి భాగం ఘాట్ రోడ్డు. పొద్దున వెళ్ళి రాత్రికి రావడం కుదురుతుంది కానీ, మర్నాడు ఇంటిల్లిపాదికీ ఒళ్ళు నొప్పులే. రాత్రి ఉండేలా అయితేనే ఒప్పుకోండి. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తే పిల్లలకి దారే ఆటవుతుంది, మీకూ డ్రైవింగు బాధ తప్పుతుంది.

మీకంటూ ఒక గంట దొరికితే నన్నడిగితే తొట్లకొండకి వెళ్ళమంటాను. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ. రెండు వేల ఏళ్ళ నాడు బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. ఊళ్ళు తిరిగే భిక్షువులు వానాకాలం మూడు నెలలూ తిరగడం మానేసి ఒకచోట ఉండిపోయేవారు. అంటే వాళ్ళకీ కనుమ ఉందన్నమాట. సంక్రాంతికి బీచ్ రోడ్డు జాతరలా ఉన్నా ఆ కొండ మీద గాలి చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

ఒంట్లో టెన్షన్‌ని ఒంటి ద్వారానే దించడం

ప్లాను ఎంత బాగున్నా ఎక్కడో ఒకచోట పాకం ముదురుతుంది. అప్పుడు పనికొచ్చేవి ఇవి.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కంగారు పడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పులిని చూసి పరిగెత్తడానికి సిద్ధమైన ఒళ్ళు అది, ఎదురుగా ఉన్నది మాత్రం గారెల పిండి. నాకు ముందు పళ్ళు బిగుసుకుంటాయి, తర్వాత మెడ పట్టేస్తుంది, ఆ తర్వాత గిన్నెల చప్పుడు పెరుగుతుంది. గిన్నెల చప్పుడు వినగానే మా అమ్మాయి "అమ్మా, ఊపిరి" అంటుంది. మీ ఒంట్లో మొదట ఏది మొదలవుతుందో ఒకసారి గమనించి పెట్టుకోండి.

ఊపిరి పద్ధతి ఇలా చేయాలి. కూర్చోండి, లేదా గోడకి ఆనుకుని నిలబడండి. భుజాలు వదిలేయండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, పొట్ట మీది చెయ్యి ముందుకి రావాలి. ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. బిగబట్టక్కర్లేదు. ఇలా నిమిషానికి ఆరుసార్లు అవుతుంది, ఐదు నిమిషాలు చేయండి. కిటుకు అంతా వదిలే దాంట్లోనే ఉంది. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా వెళ్ళే వేగస్ అనే నాడి పని పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. తల తిరిగినట్టుంటే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. బీచ్‌లో కూర్చుని అలతోపాటు చేయొచ్చని చాలామంది చెబుతారు. నేనూ ప్రయత్నించాను. మన అలలు లెక్క ప్రకారం రావు, ఒకటి ఆలస్యమైతే ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అంకెలే మేలు.

ఒళ్ళంతా బిగుసుకుపోయి రాత్రి నిద్ర పట్టకపోతే రెండోది. ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే అమెరికా డాక్టరు దాదాపు వందేళ్ళ క్రితం రూపొందించిన పద్ధతి ఇది. పడుకుని, కాలివేళ్ళని ఐదు సెకన్లు గట్టిగా ముడవండి, తర్వాత ఒక్కసారిగా వదిలేసి పది పదిహేను సెకన్లు ఆ తేడాని గమనించండి. తర్వాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్ళు, భుజాలు, చివరికి ముఖం. నొప్పి ఉన్న చోట బిగించకండి. నేను ఇప్పటిదాకా భుజాల దాకా వెళ్ళింది తక్కువే, పొట్ట దగ్గరే నిద్ర వచ్చేస్తుంది.

ఇక నడక. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్ళ కోసం బండ్లు ఆపేస్తారు, ఆ వేళకి వెళ్ళగలిగితే అంతకు మించింది లేదు. జనవరిలో మన చలి స్వెటర్‌కి తక్కువ, చొక్కాకి ఎక్కువ, ఒక తువ్వాలు చాలు. అరగంట నడవండి, ఫోన్ జేబులోనే ఉండాలి. పోయినసారి నాతో మా మావయ్యగారు వచ్చారు. వెళ్ళేటప్పుడు ఒక్క మాట లేదు. వచ్చేటప్పుడు చేపల పడవలు ఒడ్డుకి రావడం చూసి, తన చిన్నప్పటి సంక్రాంతి గురించి ఇంటి గుమ్మం దాకా చెబుతూనే ఉన్నారు. ఒక్క హెచ్చరిక: నడక ఇసుక మీదే. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ నీళ్ళు పైకి మామూలుగా కనిపిస్తూనే కాళ్ళ కింద లోపలికి లాగేస్తాయి. ఈత వచ్చినా సరే, పిల్లలని మోకాలి లోతు దాటనివ్వకండి.

తిండి, టీ, నిద్ర

పండగ రోజు తీపి తినొద్దని చెప్పేవాళ్ళని నేను నమ్మను. కాకపోతే భోజనం తర్వాత తినండి, ఖాళీ కడుపుతో పొద్దున్నే మూడు బూరెలు తింటే పదకొండింటికి నీరసమూ చిరాకూ వస్తాయి. మంచినీళ్ళ సీసా వంటింట్లో మీకంటూ విడిగా పెట్టుకోండి.

వచ్చిన ప్రతి చుట్టానికీ టీ పెట్టి, తోడుగా మీరూ తాగితే సాయంత్రానికి ఆరు కప్పులవుతాయి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగు తర్వాత మీ కప్పులో మజ్జిగ పోసుకోండి, ఎవరూ చూడరు. మందు సంగతి మగవాళ్ళకి చెప్పాలి: తాగితే నిద్ర త్వరగా పట్టినట్టుంటుంది గానీ తెల్లవారుజామున చెడిపోతుంది, ఆ చిరాకు మర్నాడు ఇంటిమీద పడుతుంది.

భోగి నాడు నాలుగింటికే లేస్తాం కాబట్టి మధ్యాహ్నం మూడులోపు ఇరవై నిమిషాలు పడుకోండి. అలారం పెట్టుకుని, తలుపు గడియ పెట్టుకుని. గంట పడుకుంటే లేచాక మత్తుగా ఉంటుంది, రాత్రి నిద్రా పాడవుతుంది.

"పెళ్ళెప్పుడు?" బాపతు ప్రశ్నలు

వీటికి జవాబులు అప్పటికప్పుడు తట్టవు, ఇంట్లోనే తయారు చేసుకుని వెళ్ళాలి. జవాబు పొట్టిగా, మర్యాదగా ఉండి, వెంటనే వాళ్ళ విషయం మీదికి వెళ్ళిపోవాలి. "కుదిరినప్పుడు మొదటి శుభలేఖ మీకే పిన్నీ. మోకాలి నొప్పి ఎలా ఉంది?" అంటే మోకాలి నొప్పి పది నిమిషాలు నడుస్తుంది. జీతం అడిగితే, "ఖర్చులకి సరిపోతోంది బాబాయ్. మీ కొబ్బరితోట ఈసారి కాపు ఎలా ఉంది?" పిల్లల ర్యాంకుల గురించి వాళ్ళ ఎదురుగా పోల్చి మాట్లాడితే మాత్రం నేను మర్యాద కొంచెం తగ్గిస్తాను. "పండగ పూట చదువులెందుకులే అక్కా" అని పిల్లని అక్కడినుంచి పంపేస్తాను.

పాత తగాదా లేచిందా, ఆస్తి మాటలు మొదలయ్యాయా, లేచి వెళ్ళి పెరట్లో బట్టలు తీయండి. ఆరకపోయినా తీయండి.

పండగ నచ్చని ఇళ్ళు

అందరి ఇళ్ళలోనూ సందడి ఉండదు. ఏడాదిలోపు మనిషి పోయి పండగ లేని ఇళ్ళు, పిల్లలు అమెరికాలో ఉండి ఇద్దరే మిగిలిన పెద్దవాళ్ళ ఇళ్ళు మన వీధిలోనే ఉంటాయి. అలాంటివాళ్ళు పండగ రోజుని ఖాళీగా వదలకండి. పొద్దున ఒక పని, సాయంత్రం ఒక మనిషి అని రాసి పెట్టుకోండి. పిల్లలతో వీడియో కాల్ టైము ముందే అనుకోండి, ఫోన్ కోసం రోజంతా ఎదురుచూడటం కష్టం. పక్కింటివాళ్ళయితే గారెలు పంపించి ఊరుకోకండి, మీరే పట్టుకెళ్ళి పది నిమిషాలు కూర్చోండి.

పండగ వెళ్ళాక కూడా రెండు వారాలకి పైగా నిద్ర లేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, బతకడం దేనికి అనిపించడం ఉంటే ఇలాంటి చిట్కాలతో కాలం గడపొద్దు. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా చూపించుకోవాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

కనుమ రోజు ఏం చేయాలి

ముందు రోజు రాత్రే మినప్పప్పు నానబెట్టేయండి, పొద్దున రుబ్బి గారెలు వేస్తే అదే ఆ రోజు వంట. నాటుకోడి తినే ఇంట్లో ఆ పని మగవాళ్ళకి అప్పజెప్పండి, ఎలాగూ ఆ పూట వాళ్ళకి ఉత్సాహం ఎక్కువ. మిగతాది సంక్రాంతి నాటి పులిహోర, పప్పు. పదకొండు తర్వాత పొయ్యి వెలగకూడదు. వాట్సాప్ శుభాకాంక్షలకి జవాబులు ముక్కనుమ నాడు ఇవ్వొచ్చు.

మొదటి ఏడాది ఇది నాకు చేతకాలేదు. మంచం మీద పడుకుని ఫ్రిజ్ సర్దాలని, కొత్త డబ్బాలు కడగాలని అనుకుంటూనే ఉన్నాను. రెండుసార్లు లేచాను కూడా. రెండోసారి వంటింట్లో అత్తయ్యగారు స్టూలు మీద కూర్చుని, మిగిలిన జంతికలు ఒక్కొక్కటే విరుచుకుని తింటున్నారు. "ఎక్కడికమ్మా?" అన్నారు. ఫ్రిజ్ అన్నాను. ఒక జంతిక నా చేతిలో పెట్టి, పక్కకి జరిగి స్టూలు మీద చోటిచ్చారు.